ఒక్క రోజు తక్కువ ఏడాది

2012 మార్చిలో ఒక మంగళవారం రాత్రి మా అక్క ఫోన్ చేసి, ఒక్క ముక్క మాట్లాడకుండా ఏడ్చింది. నాన్న పోయినప్పుడు కూడా అక్క అలా ఏడవలేదు. చివరికి బావ ఫోన్ అందుకుని, "అమ్మాయ్, మీ ఆయన్ని తీసుకుని ఒకసారి రా. పెద్దాణ్ణి పోలీసులు పట్టుకెళ్లారు" అన్నాడు.

పెద్దాడికి అప్పుడు పందొమ్మిదేళ్లు. ముగ్గురు స్నేహితులతో కలిసి ఒక మాల్‌లో రెండు ఫోన్లు, ఒక హెడ్‌ఫోన్స్ జాకెట్టులో దాచుకుని బయటికొస్తూ దొరికిపోయాడు. వాటి ఖరీదు 950 డాలర్లు దాటింది. కాలిఫోర్నియాలో ఆ గీత దాటితే చిన్న దొంగతనం కాస్తా పెద్ద దొంగతనం కిందికి వస్తుంది. ఆ రాత్రి మాకు అదేమీ తెలియదు. మేం వెళ్లగానే అక్క కళ్లు తుడుచుకుని ఒక్కటే అడిగింది. "ఈ సంగతి ఎవరికీ చెప్పవు కదూ?"

ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నానంటే వాడు సరేనన్నాడు కాబట్టే. "రాయి పిన్నీ, పేరు మాత్రం పెట్టకు" అన్నాడు.

అమెరికాలో తెలుగువాళ్లనగానే సాఫ్ట్‌వేరు ఉద్యోగం, రెండంతస్తుల ఇల్లు గుర్తొస్తాయి. అన్నదమ్ములు వేసిన పిటిషన్ల మీద పన్నెండు, పదమూడేళ్లు వరసలో నిలబడి, నడివయసులో దిగే కుటుంబాలు కూడా మనవాళ్లలో ఉన్నాయి. అక్కావాళ్లు అలా 2009లో తెనాలి నుంచి వచ్చారు. అక్కడ బ్యాంకులో గుమాస్తాగా గౌరవంగా బతికిన బావ, యాభయ్యో ఏట హేవర్డ్‌లో ఒక పెట్రోలు బంకులో రాత్రి డ్యూటీకి చేరాడు. అక్క ఒక ఇండియన్ స్టోర్ వెనక గదిలో ఇడ్లీ పిండి డబ్బాలకి ఎత్తేది. పదహారేళ్ల పిల్లవాణ్ణి తెచ్చి పదకొండో తరగతిలో కూర్చోబెట్టారు. వాడి ఇంగ్లీషుకి క్లాసంతా నవ్వింది. నవ్వనివాళ్లు ముగ్గురు: ఒక ఆఫ్ఘన్ కుర్రాడు, ఒక ఫిలిప్పీన్స్ కుర్రాడు, ఒక కంబోడియా కుర్రాడు. వాళ్లే వాడికి స్నేహితులయ్యారు. చెడు సావాసం అని మేమందరం తర్వాత చాలాసార్లు అన్నాం. ఆ మాట అన్నందుకు ఇప్పుడు బాధపడతాను. అందరూ నవ్వే చోట పిల్లాడు నవ్వనివాళ్ల పక్కనే కూర్చుంటాడు.

బావ ఎవరో చెప్పారని ఒక లాయరు దగ్గరికి వెళ్లాడు. ఆయన ఫీజు తీసుకుని పది నిమిషాలు మాట్లాడాడు. నేరం ఒప్పేసుకోండి, జైలుండదు, ప్రొబేషనుతో పోతుంది అన్నాడు. బావకి కొండంత ధైర్యం వచ్చింది. కాగితాల మీద సంతకం పెట్టే రోజుకి రెండ్రోజుల ముందు, మా ఆయన ఆఫీసులో ఒకావిడ చెబితే ఉచిత న్యాయసహాయం చేసేవాళ్ల దగ్గరికి వెళ్లాం. అక్కడ ముప్పై ఏళ్లు కూడా ఉండని ఒక అమ్మాయి, ఫైలు తెరవకముందే రెండు ప్రశ్నలు అడిగింది. "పౌరుడా, గ్రీన్‌కార్డా? దేశంలోకి వచ్చి ఎన్నాళ్లయింది?"

ఆ రెండు ప్రశ్నలు వాడి బతుకుని నిలబెట్టాయి. మొదటి లాయరు అవి అడగలేదు.

నేను పెళ్లికి ముందు తెనాలిలో లెక్కల టీచర్ని. అంకెల్లో చెబితే నాకు త్వరగా అర్థమవుతుందని ఆ అమ్మాయి గ్రహించిందేమో, కాగితం మీద 5 అనీ, 365 అనీ రాసింది. గ్రీన్‌కార్డుతో వచ్చిన మనిషి 5 ఏళ్లలోపు దొంగతనం లాంటి నేరం ఒక్కటి చేసినా, ఆ నేరానికి ఏడాది గానీ అంతకుమించి గానీ శిక్ష వేసే వీలుంటే చాలు, దేశం నుంచి పంపేయొచ్చు. పడిన శిక్ష కాదు, వేసే వీలున్న శిక్ష. జైలు మొహం చూడకుండా ఇంటికొచ్చినవాడికైనా ఇదే లెక్క. కాలిఫోర్నియాలో అప్పట్లో ఒక మోస్తరు నేరాలకి గరిష్ఠ శిక్ష సరిగ్గా ఒక ఏడాది. వీడు వచ్చి మూడేళ్లే. ఆ సంతకం పెట్టి ఉంటే వాణ్ణి తెనాలి విమానం ఎక్కించడానికి చట్టంలో అడ్డేమీ ఉండేది కాదు.

ఆ అమ్మాయి ప్రాసిక్యూటరుతో మాట్లాడి నేరాన్ని చిన్న దొంగతనంగా తగ్గించింది. దానికి గరిష్ఠంగా ఆరు నెలలే కాబట్టి ఆ నిబంధన తగలదు. ప్రొబేషను, 120 గంటల సేవ. కాలిఫోర్నియా తర్వాత 2015 జనవరి 1 నుంచి ఆ మోస్తరు నేరాల గరిష్ఠ శిక్షని ఏడాది నుంచి 364 రోజులు చేసింది. శిక్షలో ఒక్క రోజు తగ్గించారు. ఆ ఒక్క రోజు కోసం వలస కుటుంబాల తరఫున పోరాడిన సంస్థలు ఎంత కాళ్లరిగేలా తిరిగి ఉంటాయో ఊహించుకుంటే నాకు గొంతు పూడుకుంటుంది.

నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ముప్పు ఉందో లేదో లాయరు చెప్పి తీరాలని తేల్చింది అమెరికా సుప్రీంకోర్టు, 2010లో. హోసే పడియా అనే లారీ డ్రైవరు హోండురస్‌లో పుట్టి, నలభయ్యేళ్లు చట్టబద్ధంగా అమెరికాలో బతికాడు. వియత్నాం యుద్ధంలో ఈ దేశం తరఫున పనిచేశాడు. గంజాయి రవాణా కేసులో, ఇన్నేళ్లుగా ఇక్కడున్నావు కదా, నీకు భయం లేదు అన్న లాయరు మాట నమ్మి నేరం ఒప్పుకున్నాడు. తీరా చూస్తే ఆ నేరానికి దేశబహిష్కారం తప్పదని తేలింది. నేరం ఒప్పుకుంటే దేశం విడిచి వెళ్లాల్సి వస్తుందని చెప్పకపోవడం లాయరు చేసిన లోపమేనని కోర్టు తీర్పిచ్చింది. మన పిల్లల తల్లిదండ్రులకి ఈ సంగతి తెలిసి ఉండాలి. ఎఫ్‌-1 వీసా మీద చదువుకోవడానికి వచ్చే పిల్లలకి ఇంకా ముందుగా తెలిసి ఉండాలి. షాపులో చిన్న వస్తువు జేబులో వేసుకున్నా, ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో అది దొంగతనమే.

ఆ 120 గంటల సేవ చేయడానికి వాణ్ణి తూర్పు ఓక్లండ్‌లో ఒక యువజన కేంద్రానికి పంపారు. ఇంటర్నేషనల్ బొలివార్డ్ మీద, ఒక టైర్ల షాపుకి, ఒక డోనట్ షాపుకి మధ్య. మొదటిరోజు నేనే కారులో దింపాను. తలుపు దగ్గర పొట్టిగా, దిట్టంగా, మెడ మీద పచ్చబొట్టుతో ఒక మనిషి చీపురు పట్టుకుని ఊడుస్తున్నాడు. అతనే మా పిల్లవాడి గంటలు లెక్కపెట్టి సంతకం పెట్టే మనిషి. అక్కడి పిల్లలందరూ అతన్ని "బాంగ్" అంటారు. ఖ్మేర్ భాషలో అన్నకీ అక్కకీ అదే మాట. వయసులో నాకంటే చాలా చిన్న. అయినా ఆరోజు నుంచి నాకూ బాంగే.

ఏం చేశావని వాణ్ణి అడగలేదట. "ఇంట్లో ఎవరితో మాట్లాడతావు?" అని అడిగాడట. వాడు కాసేపు ఆలోచించి, "నాయనమ్మతో. ఆదివారాలు. ఫోన్లో" అన్నాడట. ఈ మాట వాడు చెబితే అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. ఒకే కప్పు కింద తల్లీ తండ్రీ ఉండగా పిల్లవాడు మాట్లాడేది ఏడు సముద్రాల అవతలున్న ముసలావిడతో. బావ పగలు పడుకుంటాడు, అక్క పగలు పనికెళ్తుంది. వాళ్ల తప్పని అనలేను.

బాంగ్ కథ నాకు ఒక్కసారిగా తెలియలేదు, ఏళ్ల మీద ముక్కలు ముక్కలుగా తెలిసింది. కంబోడియాలో 1975 నుంచి 1979 దాకా ఖ్మేర్ రూజ్ పాలనలో ఆకలికీ, రోగాలకీ, హత్యలకీ సుమారు 17 లక్షల మంది చనిపోయారు. బతికినవాళ్లలో చాలామంది సరిహద్దు దాటి థాయిలాండ్ శిబిరాల్లో చేరారు. బాంగ్ 1980లో అలాంటి శిబిరంలోనే పుట్టాడు. తండ్రి అక్కడే పోయాడు. నాలుగేళ్ల వాడిని చంకనేసుకుని తల్లి ఓక్లండ్ వచ్చింది. శరణార్థుల్ని అద్దెలు తక్కువున్న వాడల్లో దింపారు. అక్కడ అప్పటికే గ్యాంగులున్నాయి. బడికెళ్లే దారిలో తన్నులు తిన్న పిల్లలు, తన్నులు తప్పించుకోవడానికి తామే ఒక గ్యాంగు కట్టారు. తల్లి రాత్రుళ్లు నిద్రలో అరిచేది, పగలు డోనట్ షాపులో నిలబడేది. బాంగ్ పదిహేడో ఏట ఒక కాల్పుల కేసులో జైలుకెళ్లాడు. పద్నాలుగేళ్లు ఉన్నాడు. ఒక మనిషికి తన వల్ల జరిగిన నష్టాన్ని అతను ఎన్నడూ తక్కువ చేసి చెప్పలేదు. పిల్లల ముందు మొదట చెప్పేది కూడా అదే.

జైలు నుంచి వచ్చాక కూడా అతని శిక్ష పూర్తి కాలేదు. 1996లో క్లింటన్ సంతకం చేసిన చట్టాలు, పౌరులు కానివాళ్లని నేరం మీద దేశం నుంచి పంపేసే వీలుని బాగా పెంచాయి. చాలా కేసుల్లో జడ్జి మనిషిని చూసి, మారాడా లేదా అని తూచి నిర్ణయించే అధికారాన్ని తీసేశాయి. 2002లో కంబోడియా అలా పంపినవాళ్లని తీసుకోవడానికి ఒప్పుకుంది. బాంగ్ కంబోడియా నేల మీద ఎప్పుడూ కాలు పెట్టలేదు. అయినా కాగితాల ప్రకారం అతని దేశం అదే. అతనికి పద్దెనిమిది నిండకముందే తల్లి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఆ బిడ్డకీ అది వచ్చి ఉండేది. ఆమెకి పరీక్ష రాయడానికి ఇంగ్లీషు రాలేదు.

మా ఇంట్లో అదే లెక్క మరోలా పనిచేసింది. 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, గ్రీన్‌కార్డు ఉండి, తల్లిదండ్రుల దగ్గరే ఉంటున్న పద్దెనిమిదేళ్లలోపు బిడ్డకి, వాళ్లలో ఒకరు పౌరులైతే చాలు, పౌరసత్వం వచ్చేస్తుంది. బావ 2015లో ప్రమాణం చేశాడు. మా అక్క కూతురికి అప్పుడు పదిహేనేళ్లు. పరీక్షా ప్రమాణమూ లేకుండా అదే రోజు పౌరురాలైంది. పెద్దాడికి ఇరవై రెండు నిండాయి కాబట్టి వాడు తన వంతు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

వాడి 120 గంటలు జూలైకి పూర్తయ్యాయి. వాడు మానలేదు, నేను మొదలుపెట్టాను. హైస్కూలు పూర్తిచేయనివాళ్లు రాసే జీఈడీ పరీక్షలో లెక్కలు చాలామందికి అడ్డుగోడ. శనివారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా లెక్కలు చెప్పమన్నాడు బాంగ్. తెనాలిలో అరవైమంది పిల్లల క్లాసుని అదుపులో పెట్టినదాన్ని, ఇక్కడ ఎనిమిదిమంది ముందు గొంతు తడారిపోయింది. అందరికంటే పెద్దవాడికి నలభై నాలుగేళ్లు, చిన్నమ్మాయికి పదహారు.

మొదటి నెలలో శాతాలు చెబుతున్నాను. ఎవరికీ ఎక్కడం లేదు. షాపులో తగ్గింపు, బ్యాంకు వడ్డీ, నాకు తెలిసిన ఉదాహరణలన్నీ అయిపోయాయి. వెనక కూర్చున్న ఒకతను, పదేళ్లు లోపలుండి వచ్చినవాడు, మెల్లగా అన్నాడు: "మేడమ్, పన్నెండేళ్ల శిక్షలో ఎనభై అయిదు శాతం అడగండి." అడిగాను. "పదేళ్ల రెండు నెలల పన్నెండు రోజులు" అని తడుముకోకుండా చెప్పాడు. హింసాత్మక నేరాలకి ఇక్కడ అప్పట్లో శిక్షలో కనీసం 85 శాతం అనుభవించాల్సి వచ్చేది. ఆ లెక్క వాళ్లలో కొందరు గోడల మధ్య వెయ్యిసార్లు చేసుకున్నారు. నేను బోర్డు మీద అంకెలు తుడిచేసి, మళ్లీ అక్కణ్ణుంచి మొదలుపెట్టాను. ఆ రోజు క్లాసులో అందరికీ శాతాలు వచ్చాయి. నేను ఇంటికొచ్చి చాలాసేపు కారు దిగలేదు.

ఇలాంటి కేంద్రాలు ఏం చేస్తాయని అడుగుతారు. జైలు నుంచి వచ్చిన మనిషి చేతిలో కాలిఫోర్నియా పెట్టే డబ్బు 200 డాలర్లు. ఆ మొత్తం 1973 నుంచీ అంతే. దానితో బట్టలు కొనుక్కోవాలి, బస్సెక్కాలి, ఆ రాత్రికి ఎక్కడో పడుకోవాలి. గుర్తింపు కార్డు లేకపోతే గది ఇవ్వరు, చిరునామా లేకపోతే ఉద్యోగమివ్వరు, ఉద్యోగం లేకపోతే ప్రొబేషను ఆఫీసరు ఊరుకోడు. కేంద్రంలో ముందు చేసే పని గుర్తింపు కార్డులిచ్చే డీఎంవీ ఆఫీసులో వరసలో నిలబడటం. తర్వాత ఫోన్ వాడటం నేర్పడం. ఇరవయ్యేళ్లు లోపలున్న ఒక పెద్దాయన కుళాయి దగ్గర నిలబడి, తిప్పడానికి పిడి కనబడక వెనక్కి వచ్చేశాడు. చెయ్యి కింద పెడితే నీళ్లు వస్తాయని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఇవి నేర్పేవాళ్లు తాము కూడా ఒకనాడు ఆ కుళాయి దగ్గర నిలబడినవాళ్లే కావడం ఈ పనికి ప్రాణం. నాకు ఎన్ని డిగ్రీలున్నా ఆ పని బాంగ్ చేసినట్టు చేయలేను.

ఈ దారి మాకంటే ముందు చైనా వాళ్లు వేశారు. 1965లో వచ్చిన వలస చట్టం వల్లే మన డాక్టర్లు, ఇంజనీర్లు అమెరికా రాగలిగారు. అదే చట్టం కింద హాంకాంగ్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో ఇరుకు గదుల్లో, భాష రాక, బడి మానేసి, వీధిలో పడ్డారు. వాళ్లకోసం 1970లో చైనాటౌన్ యూత్ సెంటర్ మొదలైంది. అది ఇప్పటికీ కమ్యూనిటీ యూత్ సెంటర్ పేరుతో పనిచేస్తోంది. 1977 సెప్టెంబర్ 4 తెల్లవారుజామున గోల్డెన్ డ్రాగన్ రెస్టారెంటులో ఒక గ్యాంగు ఇంకో గ్యాంగు మీద కాల్పులు జరిపితే అయిదుగురు చనిపోయారు, పదకొండుమంది గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో ఏ గ్యాంగుకీ చెందనివాళ్లున్నారు. ఆ తర్వాతే ఊరికి ఈ పిల్లల సంగతి పట్టింది.

ఎడ్డీ జెంగ్ పేరు నేను మొదట విన్నది బాంగ్ నోటే. 1982లో పన్నెండేళ్ల వయసులో చైనా నుంచి ఓక్లండ్ వచ్చాడు. పదహారో ఏట స్నేహితులతో కలిసి ఒక కుటుంబాన్ని బంధించి దోచుకున్నాడు. పెద్దవాళ్ల కోర్టులో విచారించి, ఏడేళ్ల నుంచి జీవితకాలం దాకా శిక్ష వేశారు. జైల్లోనే ఇంగ్లీషు నేర్చుకున్నాడు, డిగ్రీ చదివాడు. శాన్ క్వెంటిన్ జైల్లో తమ జాతుల వలస చరిత్ర చెప్పే పాఠాలు పెట్టమని అడిగినందుకు అతన్నీ, తోటివాళ్లనీ ఏకాంత గదుల్లో పెట్టారు. వాళ్లకి అండగా 2002లో బయట పుట్టిన సంఘమే ఏషియన్ ప్రిజనర్ సపోర్ట్ కమిటీ. 2005లో పెరోలు వస్తే నేరుగా ఇమిగ్రేషన్ వాళ్ల చేతికి అప్పగించారు. 2007లో గానీ బయటికి రాలేదు. తర్వాత చైనాటౌన్ పిల్లలతో పనిచేశాడు. 2015లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ క్షమాభిక్ష పెట్టాడు. ఒకప్పుడు అడిగినందుకే శిక్ష పడిన ఆ పాఠాలు 2013 నుంచి రూట్స్ అనే పేరుతో అదే జైల్లో జరుగుతున్నాయి. నేను ఎందుకిక్కడున్నాను, మా అమ్మ ఏం దాటి వచ్చింది అనే ప్రశ్నలు అడగడం అక్కడ పాఠం. బాంగ్ కూడా ఇలాంటి పాఠాలతోనే తల్లి నిద్రలో ఎందుకు అరిచేదో తెలుసుకున్నానంటాడు. ముప్పై ఏళ్లు నిండాక.

2019లో ఒకసారి శాన్ క్వెంటిన్ గేటు దాకా వెళ్లాను. సముద్రపు పాయ ఒడ్డున, కోటలా ఉంటుంది. గేటు బయట ఒక చిన్న వీధి, పోస్టాఫీసు, నీళ్ల మీద పక్షులు. మా కేంద్రానికి తెలిసిన ఒకతను ఆరోజు విడుదలవుతున్నాడు. అతని తల్లి లావోస్ నుంచి వచ్చినావిడ. వెదురు బుట్టలో వండిన జిగురు బియ్యపు అన్నం గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఉదయం ఏడింటికి వచ్చాం. తొమ్మిదయింది, పది దాటింది. ఆవిడ మధ్యమధ్య బుట్ట మీద చెయ్యి పెట్టి వేడి ఉందో లేదో చూస్తోంది. పదకొండింటికి బాంగ్ ఫోన్ మోగింది. ఇమిగ్రేషన్ వాళ్లు వేరే దారిలో తీసుకెళ్లిపోయారు.

ఆ మాట ఆవిడకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. బాంగ్ ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ జోడించి, ఆవిడకి అర్థమయ్యే మాటల్లో చెప్పాడు. ఆవిడ ఏడవలేదు. బుట్ట విప్పి అందరికీ పిడికెడు పిడికెడు అన్నం పెట్టింది. ఏళ్లుగా కొడుకు కోసం దాచుకున్న ముద్ద అది. ఆ అన్నం నా గొంతు దిగలేదు. లావోస్ అతన్ని తీసుకోవడానికి ఒప్పుకోలేదు. తీసుకునే దేశం లేని మనిషిని ఎంతకాలమైనా బంధించి ఉంచడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2001లో చెప్పింది, ఆరు నెలలు దాటితే కారణం చూపాలి. యూబా కౌంటీ జైల్లో ఆ ఆరు నెలలు గడిపాక వదిలారు. ఈసారి ఆవిడ మళ్లీ అన్నం వండింది.

పని దొరికితే మనిషి నిలబడతాడని చూపించింది లాస్‌ఏంజెలెస్‌లోని హోంబాయ్ ఇండస్ట్రీస్. గ్రెగరీ బాయిల్ అనే జెజ్విట్ ఫాదరు 1986లో బాయిల్ హైట్స్‌లో డొలోరెస్ మిషన్ చర్చికి వచ్చాడు. ఊళ్లో అన్నిటికంటే పేద చర్చి. చుట్టూ మెక్సికో, మధ్య అమెరికా నుంచి వచ్చిన కుటుంబాలు, వాళ్ల పిల్లలతో నిండిన గ్యాంగులు. ఆ పిల్లల శవాలు పూడ్చి పూడ్చి, 1988లో వాళ్లకి పనులు వెతకడం మొదలుపెట్టాడు. ఎవరూ పనివ్వకపోతే 1992లో తామే ఒక బేకరీ పెట్టారు. సినిమా నిర్మాత రే స్టార్క్ డబ్బిచ్చాడు. ఒకరినొకరు చంపుకోవాలని తిరిగిన రెండు గ్యాంగుల పిల్లలు ఒకే బల్ల మీద పిండి పిసికారు. ఇప్పుడు అక్కడ పద్దెనిమిది నెలలు జీతంతో శిక్షణ, మానసిక చికిత్స, పచ్చబొట్లు ఉచితంగా తీసేసే గది ఉన్నాయి.

2016లో నేనూ పెద్దాడూ అక్కడి హోంగర్ల్ కేఫ్‌లో భోంచేశాం. మాకు వడ్డించిన అమ్మాయి మెడ మీద పచ్చబొట్టు సగం చెరిగి, నీడలా ఉంది. పొడిపించుకున్నప్పటి కంటే తీసేటప్పుడే నొప్పెక్కువట. చాలాసార్లు రావాలట. "ఇంకెన్నిసార్లు?" అని అడిగాను. "నాలుగు. అప్పటికి మా పాపకి అక్షరాలొస్తాయి. అది చదవకముందే పోవాలి" అంది.

బాయిల్‌కి 2024లో అమెరికా అత్యున్నత పౌర పురస్కారం వచ్చింది. అదే సంస్థ 2010లో డబ్బులేక సుమారు 300 మందిని పనిలోంచి పంపేయాల్సి వచ్చిన సంగతీ గుర్తుంచుకోవాలి. మా కేంద్రంలో ప్రతి జూన్‌లోనూ వచ్చే ఏడాది జీతాలుంటాయా లేదా అన్న బెంగే. జైల్లో ఒక మనిషి మీద ఏటా పోసే డబ్బులో కొంత ఇటు పోసినా చాలని ఎన్ని కౌంటీ మీటింగుల్లో చెప్పామో.

మన దగ్గరా ఈ ఆలోచన లేకపోలేదు. హైదరాబాదు వెళ్లినప్పుడు చంచల్‌గూడ జైలు పక్కన పెట్రోలు బంకులో ఆటో ఆపించాను. జైళ్ల శాఖ నడిపే బంకది. శిక్ష అనుభవిస్తున్నవాళ్లూ, విడుదలైనవాళ్లూ అక్కడ పనిచేస్తారు. చిల్లర లెక్కపెట్టి ఇచ్చిన మనిషి నా కళ్లలోకి సూటిగా చూశాడు. హేవర్డ్ బంకులో రాత్రుళ్లు నిలబడ్డ మా బావ గుర్తొచ్చాడు.

అందరూ నిలబడరు. గ్వాతెమాలా నుంచి పదిహేనేళ్ల వయసులో ఒంటరిగా వచ్చిన ఒక కుర్రాడు మూడు నెలలు నా క్లాసుకొచ్చాడు. అందరూ అతనితో స్పానిష్‌లో మాట్లాడేవాళ్లు. అతని అమ్మభాష మామ్, మాయా భాషల్లో ఒకటి. ఓక్లండ్‌లో ఆ భాష మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. స్పానిష్ అతనికీ పరాయిదేనని మాకు తెలియడానికి నెల పట్టింది. దారి దాటించినవాళ్లకి బాకీ తీర్చాలని రాత్రంతా ఒక హోటల్లో గిన్నెలు తోమేవాడు. క్లాసులో తల వాల్చి నిద్రపోయేవాడు. నేను లేపేదాన్ని కాదు. ఒక శనివారం నుంచి రాలేదు. బాంగ్ అతని గదికి రెండుసార్లు వెళ్లొచ్చాడు. గది ఖాళీ. సగం రాసిన నోటుపుస్తకం నా బీరువాలో ఉంది. అందులో భిన్నాల లెక్కలన్నీ సరిగ్గా చేశాడు.

పెద్దాడు 2018లో పౌరుడయ్యాడు. ఇప్పుడు ఎయిర్ కండిషనర్లు బాగుచేసే పనిలో ఉన్నాడు, సొంత వ్యాను ఉంది. అక్క ఇప్పటికీ ఊళ్లో ఎవరికీ చెప్పలేదు, చెప్పమని నేను బలవంతపెట్టను. కానీ తెలుగు సంఘం పిక్నిక్‌లో పిల్లల మార్కుల గురించే మాట్లాడుకునే తల్లుల మధ్య కూర్చున్నప్పుడు, వీళ్లలో ఏ ఒక్కరికి రాత్రి ఫోన్ వచ్చి ఉంటుందో, ఎవరితో చెప్పుకుందో అనిపిస్తుంది. అందుకే ఇదంతా రాశాను.

బాంగ్ మాత్రం ఇంకా దేశబహిష్కారపు ఉత్తర్వు కిందే ఉన్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో శాన్సమ్ వీధిలోని ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లి హాజరు వేయించుకోవాలి. 2025లో అలా హాజరుకి వెళ్లినవాళ్లని అక్కడికక్కడే పట్టుకోవడం ఎక్కువైంది. మే 14 ఉదయం పెద్దాడు వ్యాను తీశాడు, నేనూ ఎక్కాను. లోపలికి వెళ్లేముందు బాంగ్ ఇంటి తాళాలు, బ్యాంకు కార్డు, కూతురి బడి ఫోన్ నంబరు రాసిన చీటీ నా చేతిలో పెట్టాడు. ఏమీ అనలేదు. పెద్దాడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను పులిహోర డబ్బా తెచ్చాను, ఎవరం మూత తీయలేదు. గంటన్నర గడిచింది. రెండు గంటలయింది. తాళాల గుత్తిలో ఎన్ని తాళాలున్నాయో నాకు తెలిసిపోయింది.

పదకొండూ ఇరవైకి తలుపు తెరుచుకుంది. బాంగ్ చేతిలో మడిచిన కాగితం. మళ్లీ రావాల్సిన తేదీ నవంబర్ 12. పెద్దాడు ఆ కాగితం తీసుకుని చూసి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు.

"182 రోజులు" అన్నాడు.

బాంగ్ తాళాలు తీసుకుని జేబులో వేసుకున్నాడు. మెట్ల మీదే కూర్చుని డబ్బా మూత తీశాం.